గుర్తు పెట్టని నాలుగు క్యాప్‌లు

రిటైరు కావడానికి ఆరేళ్ల ముందు నన్ను అనంతపురం వర్క్‌షాపు నుంచి ఉరవకొండకు వేశారు. హోదా మొదటి శ్రేణి మెకానిక్. పల్లెలకు తిరిగే పశువైద్యుల జీపులను నడిచే స్థితిలో ఉంచడం నా పని. అక్కడ షెడ్డు లేదు, బండి కిందికి దిగడానికి గుంత లేదు. చాలా మరమ్మతులు మా ఇంటి ముందు రేకుల పందిరి కిందే చేశాను.

ఆ ఏడు మే నెలాఖరులో పశువైద్యాధికారి సుజాత మేడం జీపు బండరాయికి కొట్టుకుని వెనక ఇరుసు హౌసింగ్ చీలింది. హౌసింగ్ అంటే డిఫరెన్షియల్‌ను, అంటే ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే పళ్ల చక్రాల అమరికను, మోసే పోత ఇనుప గూడు. లోపలున్న ఎల్.ఎస్.డి. రకం డిఫరెన్షియల్ మాత్రం చెక్కుచెదరలేదు. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో ఒక చక్రం ఇసుకలో దిగబడితే అదొక్కటే ఊరికే తిరుగుతుంది, రెండోది కదలదు. ఎల్.ఎస్.డి.లోని పలకలు ఒకదాన్నొకటి నొక్కి, గట్టి నేల మీదున్న చక్రానికి కూడా బలం అందిస్తాయి. వాగులూ వంకలూ దాటే ఆ జీపుకు అది తప్పనిసరి.

వాడకం నుంచి తీసేసిన అదే రకం జీపు ఒకటి పశువుల ఆస్పత్రి వెనక ఉండేది. దాని హౌసింగ్ బాగుంది, లోపల మామూలు డిఫరెన్షియల్. దాన్ని తీసేసి మా ఎల్.ఎస్.డి.ని ఆ గూట్లో కూర్చోబెట్టాలి. వర్క్‌షాపులో అప్పటికే బళ్లు వరుసలో ఉన్నాయి కాబట్టి, మేడం కాగితం మీద అనుమతి రాసి రెండు ఇరుసులనూ మా ఇంటికి పంపారు. గడువు రెండు రోజులు. తొలకరికి లేత గడ్డి మొలిచిందంటే గొర్రెలకు చిటుకరోగం పట్టుకుంటుంది. పొద్దున మేతకు పోయిన జీవం సాయంత్రం మందలో ఉండదు. ఆలోపే దారిలోని ఇసుక వంక అవతలి పల్లెల్లో టీకాలు పడాలి.

మొదటిరోజే రెండు ఇరుసులూ విప్పేశాను. డిఫరెన్షియల్‌కు రెండు పక్కలా బేరింగులుంటాయి. వాటిని అదిమిపట్టే అర్ధచంద్రాకారపు క్యాప్‌లు ఇరుసుకు రెండు. నాలుగింటినీ ఒకే తట్టలో వేసి కిరసనాయిలుతో కడిగాను. విప్పే ముందు మొనదేలిన పంచితో చుక్కలు కొట్టి ఏది ఏ వైపుదో గుర్తు పెట్టుకోవాలి. ఇరవై ఏడేళ్ల అనుభవం ఉన్నవాడిని, కంటికే తెలుస్తుందనుకున్నాను.

మరునాడు మధ్యాహ్నానికి బిగించాను. చేత్తో తిప్పితే ఒకచోట పట్టేసింది. గూడు మారింది కదా, సర్దుకుంటుందని ఇనుప కడ్డీ వేసి బలంగా తిప్పాను. తిరిగింది. గేరు పళ్లు ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో తెలియడానికి నీలం రంగు పూసి చూశాను. అచ్చు పంటి నడుమ పడాల్సింది అంచుకు పోయింది. షిమ్‌లు, అంటే సందు సరిచేసే పల్చటి రేకులు, రెండుసార్లు మార్చినా దారికి రాలేదు.

నాకు పని నేర్పిన ఫోర్‌మన్ మస్తానన్న అప్పటికి రిటైరై మా వీధి చివర్లో ఉండేవాడు. కళ్లకు శుక్లాలు. కబురు పంపితే వచ్చి, నేల మీద కూర్చుని, క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని రెండు వేళ్లతో తిప్పి చూశాడు.

"ఇది షిమ్ము తప్పు కాదప్పా. క్యాపులు మారినాయి. గుర్తు పెట్టినావా?"

"లేదన్నా."

"నాలుగూ ఒకే తట్టలో ఏసి కడిగితే, నాది ఈడ అని అవే చెప్తాయా? ఎన్నేండ్లప్పా నీ సర్వీసు?"

నేను పానా అందుకుని క్యాప్‌ల బోల్టులు మళ్లీ విప్పసాగాను.

క్యాప్‌ను గూటికి బిగించిన తర్వాతే రెండింటినీ కలిపి ఫ్యాక్టరీలో తొలుస్తారు. అందుకే ఏ చోటి క్యాప్ ఆ చోటిదే. బేరింగులు తీసేసి క్యాప్‌లను ఒక్కొక్కటే బిగిస్తూ పోయాను. మస్తానన్న వేలు లోపలికి పెట్టి అతుకు తడిమేవాడు. తలవెంట్రుకంత మెట్టు తగిలినా "కాదు" అనేవాడు. గంటన్నరకు నాలుగింటి చోట్లూ తేలాయి.

అప్పుడు ఎడమ బేరింగు కప్పును, అంటే రోలర్లు తిరిగే బయటి ఉంగరాన్ని, గోటితో గీచి నా చేతికిచ్చాడు. నేను కడ్డీతో తిప్పినందుకు రోలర్ల గుర్తులు పడ్డాయి. కొత్తది అనంతపురంలోనే దొరుకుతుంది, మరునాడు గాని రాదు. మేడం తెల్లవారి ఆరింటికే బయలుదేరాలి.

"ఇట్లే ఏస్తే నడుస్తాదా అన్నా?" అని అడిగాను.

"నెల నడుస్తాది. యాడ నిల్చిపోతాదో నాకు తెల్దు. సంతకం నీది, నువ్వే చెప్పుకో."

మూసేయాలనే అనిపించింది. మూసేస్తే తప్పు హౌసింగ్‌తో పాటే మూతపడుతుంది. చేతులు కడుక్కుని ఆస్పత్రికి నడిచాను. జరిగింది జరిగినట్టు మేడంకు చెప్పాను. ఆమె ముఖం గట్టిపడింది. "టీకాలు ఐసులో పెట్టేసినాం రామాంజనేయులు గారూ. వంక అవతల ఊళ్లకు కబురు కూడా పోయింది" అన్నారు. బండి లాగ్‌బుక్కు నా ముందుకు జరిపి, "ఇప్పుడన్నా చెప్పినారు. లాగ్‌బుక్కులో ఆలస్యానికి కారణం రాయండి" అన్నారు. "క్యాప్‌లకు గుర్తు పెట్టకుండా విప్పితిని, నా పొరపాటు" అని రాసి సంతకం చేశాను.

మరునాడు మేడం, కాంపౌండరు మోటారు సైకిలు వెనక కూర్చుని వంక దాకా పోయి, టీకాల పెట్టె మోసుకుంటూ ఇసుకలో నడిచి దాటారట. ఆ పూట ఒక్క ఊరే అయింది. అదే రోజు సాయంత్రం కొత్త బేరింగు వేసి, సందు సరిచేసి, ఎల్.ఎస్.డి.కి వాడే ప్రత్యేకమైన ఆయిలు పోసి, ఇరుసును జీపుకు ఎక్కించాను. ఆ తర్వాతి రోజు నేనూ జీపులో పోయాను. వంక నడుమ ఎడమ చక్రం దిగబడింది. కుడి చక్రం పట్టు దొరకబుచ్చుకుని బండిని గట్టెక్కించింది. మేడం వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్లీ దారివైపు చూశారు. మిగిలిన ఊళ్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి. పదిహేను రోజులకు వాన పడింది.

లాగ్‌బుక్కు పైకి పోయింది కాబట్టి నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో అదే వాక్యం రాశాను.

మస్తానన్న ఇప్పుడు లేడు. ఆ రకం జీపులూ పోయాయి. ఇప్పుడు ఇరుసు చెడితే మొత్తంగా కొత్తది బిగిస్తున్నారు, విప్పి చూసే పనే లేదు. ఆ పందిరి కింద కిరసనాయిలు వాసన, వేలితో అతుకు తడుముతూ ఆయన అనే "కాదు", ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాయి.

ఆ పని నాకు నేర్పినవి రెండు. అనుభవం ఎంతున్నా, బోల్టు వదులు చేసే ముందు చుక్క కొట్టాలి. కొట్టడం మరిచిపోతే, బండి తీసుకుపోయే మనిషికి ఆ మాట బండి కదలకముందే చెప్పాలి.