పసుపుదారంతో కుట్టిన రంగూను మూట

ధర్మవరంలో పట్టుచీరల మూటలు కట్టే పోతులయ్య ప్రతి చీర మడతలో ఒక పసుపుకొమ్ము పెట్టేవాడు. ఆడబిడ్డ కట్టబోయే చీర పసుపు లేకుండా గడప దాటకూడదని అతని పట్టుదల. బర్మా ఇండియా నుంచి వేరుపడ్డాక, రంగూనుకు వెళ్లే సరుకును మద్రాసు రేవులో సుంకం అధికారులు విప్పి చూడసాగారు. సరుకు పట్టీలో రాయని పసుపు బయటపడి, పోతులయ్య కట్టిన ఒక మూట అక్కడే ఆగిపోయింది.

"ఇంక పసుపు పెట్టొద్దప్పా," అన్నాడు చీరల షావుకారు.

పోతులయ్య అలిగి అన్నం ముట్టలేదు. భార్య దాసమ్మ బతిమాలలేదు. మూట కుట్టే దారాన్ని పసుపునీళ్లలో ముంచి, ఎండలో ఆరేసి తెచ్చింది.

"దారం లేకుండా మూట యాడన్నా కుడతారా? దీన్ని ఎవురాపుతారో చూస్తాం," అంది.

పోతులయ్య ఆ దారంతోనే మూట కుట్టాడు. చివర ఒక్క ముడి చాలు. దాసమ్మను చూస్తూ మూడు వేశాడు.