గడప మీద దులిపిన ఊక దుమ్ము

మొన్న తాడేపల్లిగూడెంలో మా వీధి చివర మెకానిక్ షాపు ముందు, అలవాటు కొద్దీ బండి ఆపి గట్టిగా హారన్ కొట్టాను. కొట్టాక చూస్తే, దించిన షట్టరు మీద ఎవరో సెల్‌ఫోన్ల ప్రకటన రాయించారు.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇంటికొక డాక్టరు ఉన్నట్టే బండికొక మెకానిక్ ఉండేవాడు. మా ఆయన కొల్లేటి లంకలో బడిపంతులు. చేపల చెరువుల గట్ల మీద ఏళ్ల తరబడి ఆ మోటారు సైకిల్ మీదే తిరిగారు, నాకు నడపడం నేర్పిందీ దాని మీదే. మా ఇల్లు రైసు మిల్లు వెనకే కావడంతో ఆరేసిన బట్టల మీద, వాకిట్లో, చివరికి పాల గిన్నె మూత మీద కూడా ఊక దుమ్మే. మిల్లులో దాళ్వా ధాన్యం, అంటే రెండో పంట, ఆడే రోజుల్లో ఆయన బండిని ఆ షాపులో పెడితే, నేను వెనక నిలబడి ఉండగానే మెకానిక్ లోపలి నుంచి ఏదో తీసి, గడప మీద తపతపా కొట్టి, గోధుమరంగు దుమ్ము రాల్చి మళ్లీ బిగించేవాడు. అదేమిటని నేనెప్పుడూ అడగలేదు.

ఆయన చనిపోయిన ఏడాది బండి నల్లగా పొగ వదలడం, కాస్త దూరం పోయేసరికి లాగలేక ఆగిపోవడం మొదలుపెట్టింది. తోసుకుంటూ షాపుకు తీసుకెళ్లాను. మెకానిక్ దాన్ని విప్పకుండానే పెదవి విరిచాడు.

"ఇంజిను అయిపోయిందండీ అమ్మగారూ. పాత ఇనుముకి ఇచ్చెయ్యడమేనండి, నేనే తీసుకుంటాన్లెండి. అయినా మీకీ వయసులో ఇంత బరువు బండెందుకండీ?"

ఇంట్లో ఆయనదని చెప్పుకోవడానికి చప్పుడు చేసే వస్తువు అదొక్కటే. దాన్ని ఇనుము అన్నాడు. బండిని వెనక్కి తోసుకొచ్చేశాను.

ఏలూరులో ఉన్న మా అమ్మాయి ఫోనుకు వీడియోలు పంపింది. ఫోనును పూల కుండీకి ఆనించి, ఆపుకుంటూ, వెనక్కి జరుపుకుంటూ చూశాను. ఒక వీడియో కింద మా బండి రోగం రాసి, మిల్లు పక్కన ఉంటామని కూడా చేర్చాను. ముందు ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండమ్మా అని ఎవరో మొహం తెలియని మనిషి జవాబిచ్చాడు. బండి పక్కనుండే డబ్బా విప్పి, ఇంజినుకు వెళ్లే గాలిని వడకట్టే ఆ ఫిల్టరును బయటికి లాగాను. సందు లేకుండా ఊక దుమ్ము. చేతిలో పట్టుకోగానే గుర్తుపట్టాను, ఏటా అతను గడప మీద కొట్టింది దీన్నే.

అంటే అతనికి తెలుసు. తెలిసే, మా ఆయన బండిని కాజేయాలని చూశాడు. నాకు కన్నీళ్లు రాలేదు, ఒళ్లు మండింది.

కొత్త ఫిల్టరు తెప్పించి నేనే బిగించాను. మర్నాడు టీ వేళకు, షాపు ముందు పదిమందీ చేరాక, బండి మీద వెళ్లి దిగి, పాత ఫిల్టరును అతని గడప మీదే తపతపా కొట్టాను. దుమ్మంతా అతని టీ గ్లాసు దాకా రాలింది. అతను తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం నాకు ఎంత తీయగా ఉందో దాచుకోను.

అక్కడితో ఊరుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఆడవాళ్లకు, మగవాళ్లకు ఫిల్టరు శుభ్రం చేయడం, చైను బిగించడం, ఆయిలు మార్చడం నేర్పాను. వీధిలో ఒక్క బండి కూడా అతని గుమ్మం తొక్కకూడదని నా పంతం. ప్రార్థనలో క్షమించే మాట దగ్గర మాత్రం నా గొంతు దానంతటదే తగ్గిపోయేది. ఆ షాపు ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ హారన్ కొట్టేదాన్ని.

ఇప్పుడు మిల్లు మూతపడింది, ఊక దుమ్మూ లేదు. కొత్త బళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి, విప్పి చూద్దామంటే కంప్యూటరు కావాలట. మెకానిక్ ఊరొదిలి ఎటు పోయాడో ఎవరూ చెప్పలేదు. అతన్ని క్షమించానని మాత్రం అనుకోకండి. కానీ ఒకప్పుడు ఈ బండి ఇంకా వీధి మలుపులో ఉండగానే, చప్పుడు విని, తల ఎత్తకుండానే "మాస్టారొస్తున్నారు" అనేవాడు. మా ఆయన రాకను చెవితో గుర్తుపట్టిన మనిషి నేను కాక ఈ ఊళ్లో అతనొక్కడే. మూసిన షట్టరు ముందు నేను ఇంకా హారన్ కొడుతూనే ఉన్నాను.