వెల్టెన్ పెద్దకూతురు

ష్ట్రౌసర్ వంశానికి చరిత్ర పుస్తకం రాయించాలనుకున్నప్పుడు ఆ పని ఎల్డా నెత్తిన పడింది. మొగుడూ పిల్లలూ లేని మనిషి, ఆవిడకేం పనుంటుందని అందరి ఉద్దేశం. తమ్ముడు హార్వీ ఇంట్లో పద్నాలుగు ఆవుల పాలు పితికి, అందరికీ వండి వార్చేది ఆవిడేనని ఎవరికీ తట్టలేదు. అప్పటికి ఆమెకు యాభై మూడేళ్లు. సముద్రం దాటి వచ్చిన జర్మన్లు స్థిరపడ్డ తుల్పెహాకెన్ లోయలో, పాస్టరు తర్వాత పాత జర్మన్ చేతిరాత చదవగలిగింది ఆమె ఒక్కతే.

"వెల్టెన్ తాత ఏ ఓడలో వచ్చాడో, ఎంత నేల సంపాదించాడో రాయి, చాలు," అన్నాడు హార్వీ. ఏటా ఆగస్టులో చర్చి తోపులో జరిగే వంశం కలయికకు అతనే పెద్ద. "పందొమ్మిదొందల ముప్పై ఎనిమిదికి తాత వచ్చి రెండొందల ఏళ్లు. ఆ రోజుకి పుస్తకం చేతిలో ఉండాలి."

ఎల్డా మూడేళ్లు ఊళ్లు తిరిగింది. సమాధిరాళ్ల మీద నాచు గోకింది. జర్మన్ దేశంలో, పాలటినేట్‌లోని పాత ఊరికి ఉత్తరం రాస్తే ఆరు నెలలకు జవాబొచ్చింది. వెల్టెన్ పెళ్లికాని కుర్రాడిగా వచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. కాదు. భార్య, ఇద్దరు కొడుకులు, తొమ్మిదేళ్ల పెద్దకూతురు అపొలోనియాతో ఓడెక్కాడు.

మిగతా సంగతి లోయలోనే, చర్చి మరణాల పుస్తకంలో దొరికింది. భార్యా కొడుకులూ సముద్రం మీదే పోయారు. సగం దారి దాటాక పోయారు కాబట్టి వాళ్ల ప్రయాణపు ఖర్చూ కట్టమన్నాడు ఓడవాడు. వెల్టెన్ కూతుర్ని ఒక తోళ్ల పనివాడికి పన్నెండేళ్ల చాకిరీకి రాసిచ్చి, ఆ డబ్బుతో ఓడ బాకీ తీర్చి, తాను ఒడ్డుకు దిగాడు. అయిదో చలికాలంలో ఆ పిల్ల కొట్టంలో చలికి కొయ్యబారి చచ్చిపోయింది. ఆనాటి పాస్టరు కింద రాశాడు: "తండ్రికి కబురు పంపాను. కొడుకు బాప్టిజం విందు నడుస్తోంది, రాలేనన్నాడు."

రెండో పెళ్లాం కన్న ఆ కొడుకే ష్ట్రౌసర్లందరికీ మూలపురుషుడు.

హార్వీ కాగితాలు చదివి, వంటింటి బల్లమీద పెట్టాడు. "ఈ పిల్ల సంగతి తీసెయ్యక్కా."

"తీసేస్తే ఓడ ఖర్చు ఎవరు కట్టారని రాయమంటావురా?"

"దేవుడు కట్టాడని రాయి."

అతని భార్య మేమీ పిండి పిసుకుతూ నవ్వింది. "ఎప్పుడో పోయిన పిల్లకి ఇప్పుడు ఏడుపేంటి వదినా? అది పోతేనేం, మనకి పొలం మిగిలింది."

పుస్తకం ఆ పిల్ల లేకుండానే అచ్చయింది. రెండొందల పన్నెండు ప్రతులు పొట్లాలు కట్టి పోస్టు చెయ్యడం మళ్లీ ఎల్డా పనే. ప్రతి పుస్తకంలోనూ పదకొండో పేజీ అంచున సిరాతో రాసింది: "పెద్దకూతురు అపొలోనియా. తండ్రి అమ్మేశాడు. పద్నాలుగో ఏట చలికి చచ్చిపోయింది."

ఆగస్టులో తోపుకి మూడొందల మంది వచ్చారు. కోడిమాంసం, ఊరబెట్టిన గుడ్లు, బెల్లంపాకం రొట్టె పళ్లెంలో పెట్టుకుని పెదబాబాయి ఇర్విన్ అందరికీ వినపడేలా అన్నాడు: "ఎవరికీ అక్కర్లేని పిల్లని ఎవరికీ అక్కర్లేని మనిషే వెతికిపట్టుకుందర్రా."

బల్లలు అదిరేలా నవ్వారు. ఒక ముసలావిడ మాత్రం ఎల్డా పక్కకు వచ్చి కూర్చుంది. "ఆ తోళ్లవాడి పేరేంటే?" అని మెల్లగా అడిగింది. ఎల్డాకు ప్రాణం లేచొచ్చింది. పేరు చెప్పింది. ముసలావిడ ముఖం ముడుచుకుంది. "వాడు మా అమ్మ తరపువాడే. ఆ పేరు ఇంకెక్కడా ఎత్తకు."

ఇంటికొచ్చాక హార్వీ కేకలెయ్యలేదు. "నువ్వు బతికున్నంతకాలం గది ఇవ్వమని నాన్న వీలునామా రాశాడు. ఏ గదో రాయలేదు," అన్నాడు. పెరట్లో, ఎండాకాలం మాత్రమే వాడే వంటింటి మీది అటక చూపించాడు. అక్కడ చలి కాచుకోడానికి పొయ్యి లేదు. ఎల్డా తన పరుపు తానే మోసుకెళ్లింది. చెల్లెలి ఇంటికి పోవచ్చా అని ఉత్తరం రాసింది. చెల్లెలు పుస్తకంలోంచి చింపిన పదకొండో పేజీని కవరులో పెట్టి తిప్పి పంపింది.

జనవరిలో ఆమె ఎడమచేతి రెండు వేళ్లు చలికి కొయ్యబారి నల్లబడ్డాయి. డాక్టరు తీసేశాడు. "కుడిచెయ్యి బాగానే ఉందిగా వదినా, రాసుకోడానికి," అంది మేమీ.

మూడోరోజు తెల్లవారకముందే ఎల్డా కట్టుకట్టిన చేత్తో ఆవుల దగ్గరికి వెళ్లింది. మిగిలిన వేళ్లతో పితకడం చేతికి రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ పాలు తగ్గాయని హార్వీ సణుగుతూనే ఉన్నాడు.