నార్వేవాళ్ల బళ్లు, మోత్కూరు పిల్ల

"నార్వేకూ నల్గొండకూ ఏం సంబంధమమ్మా?"

పరిశోధక కమిటీ అధ్యక్షుడు ఈ మాట అడిగి నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి మిగతావాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, పీహెచ్‌డీ అంశానికి ఆమోదం కోసం ఆ గదిలో నిలబడ్డాను. వాళ్లు సంతకం పెడితేనే నా పని మొదలవుతుంది. పెట్టకపోతే నల్గొండ ప్రైవేటు కాలేజీలో అవే చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోవాలి.

అమెరికాకు వలసపోయిన నార్వే రైతులు పెట్టుకున్న లూథరన్ క్రైస్తవ బళ్ల చరిత్ర నా అంశం. లైబ్రరీలో వేరే పుస్తకం వెతుకుతుంటే దాని మీద ఒక పుస్తకం కంటబడింది, ఇక వదల్లేదు. ఆ జనం కొత్త దేశంలో సరైన ఇళ్లయినా కట్టుకోకముందే పిల్లలకు చదువు మొదలుపెట్టారు. బడికి జాగా లేదు, పంతులే ఇల్లిల్లూ తిరిగేవాడు. ఒక ఇంట్లో కొన్నాళ్లు పాఠం చెప్పి, అక్కడే తిని పడుకుని, తర్వాతి ఇంటికి పోయేవాడు. మతం పాఠాలు నార్వే భాషలో. సర్కారు బడి ఇంగ్లిషులో. పిల్లల్ని ఎందులో వెయ్యాలని వాళ్లలో వాళ్లే ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. చివరికి వాళ్ల బళ్లలోకీ ఇంగ్లిషే వచ్చి కూర్చుంది.

మోత్కూరులో మగ్గం నేసే మా బాపుకు ఇదంతా చెప్పాను.

"మరి ఆ పోరగాళ్లు ఇంట్ల ఏం మాట్లాడేటోళ్లు బిడ్డా? బళ్లె ఒకటి, ఇంట్ల ఒకటా?" అన్నాడు.

నేను చదివిన పుస్తకంలో ఆ ప్రశ్నే లేదు. నా పరిశోధన అక్కడ మొదలైంది.

బడిలో 'అలా' అనకుండా మా యాసలో 'గట్ల' అన్నందుకు బెంచీ ఎక్కి నిలబడ్డదాన్ని నేను. సంబంధం అంటే అదీ సంబంధం. కానీ ఆ గదిలో చెప్పబుద్ధి కాలేదు. సంబంధం చూపిస్తే తప్ప మమ్మల్ని చదవనివ్వరా?

"మీది చేనేత కుటుంబం కదా," అన్నాడు అధ్యక్షుడు. "హాయిగా మీ మగ్గాల మీద చెయ్యండి. కనీసం ఒక అధ్యాయమైనా పెట్టండి. సొంతవాళ్ల గురించి రాయడానికి నామోషీ ఎందుకు?"

ఒళ్లు మండిపోయింది.

"సార్, మా ఇంటికి ఓ విదేశీ ఆమె వచ్చింది. మా మగ్గం పక్కన వారం రోజులు కూసొని రాసుకున్నది. చాయ్ పోసినం, బువ్వ పెట్టినం. నీకూ మాకూ ఏం సంబంధమని ఎవ్వలం అడగలే. మరి నన్నెందుకు అడుగుతున్నరు?"

చేనేత అధ్యాయం కలిపి తెస్తే చూద్దామని కాగితాలు వెనక్కి ఇచ్చారు.

బస్సులో మోత్కూరు దాకా పళ్లు కొరుక్కుంటూనే వచ్చాను. కానీ ఆ నామోషీ అన్న మాట లోపల గుచ్చుకుంది. నిజంగానే నాకు సిగ్గా? మా ఇంటిని తప్పించుకోవడానికే అంత దూరం పోతున్నానా? ఇంటికి వెళ్లి నేరుగా బాపునే అడిగాను.

"బాపూ, నీ గురించి రాయకపోతే నీకు బాధైతదా?"

నేస్తున్న చెయ్యి ఆపాడు.

"ఆమె వారం కూసున్నది గదా. రంగులు అడిగింది, ఎన్ని పోగులని అడిగింది. నువ్వేమనుకుంటున్నవని ఒక్కనాడన్న అడిగిందా? మగ్గాన్ని రాసుకపోయింది, నన్ను రాయలే. నా ఫికర్ ఇడిసిపెట్టు బిడ్డా. నువ్వన్న పోయి ఆ నార్వేటోళ్లను సక్కగ అడుగు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మళ్లీ నేతలో పడ్డాడు.

కొన్ని నెలలకు మళ్లీ కమిటీ కూర్చుంది. నా కాగితాల్లో ఒక్క అక్షరం మారలేదు. అధ్యక్షుడు పేజీలు తిరగేసి, "చేనేత అధ్యాయం ఏదమ్మా?" అన్నాడు.

"లేదు సార్. పెట్ట. ఆ బళ్ల గురించి ఏమడుగుతరో అడుగుండ్రి, చెప్త."

అడిగాడు. ముందు చిరాకుగా, తర్వాత నిజంగానే తెలుసుకోవాలని. గంటసేపు చెప్పాను. ఒక్క ప్రశ్నా వదల్లేదు. ఆయన సంతకం చేసి, కాగితం నా వైపు జరిపి, థ్యాంక్స్ చెబుతానేమోనని చూశాడు.

చెప్పలేదు. చదువుకోవడానికి కూడా ఒకరికి మొక్కాలా?