తలుపు లేని ఇంటి పాట

పోయిన వారం అనంతగిరి నుంచి అరకు వెళ్లే షేర్ జీపులో డ్రైవరు ఒక పాట పెట్టాడు. కొత్త గొంతు, కొత్త వాయిద్యాలు, మధ్యమధ్యలో కడుపులో గుద్దినట్టు ఏదో మోత. అయినా మొదటి మాటకే నేను నిటారుగా సర్దుకుని కూర్చున్నాను. "తలుపు లేని ఇల్లు నాది, తడిసినోళ్లందరూ రండి. కొండ మీది అన్న రావాల, కింద ఉన్న తమ్ముడు రావాల." జీపులో సగం మంది పెదవులు కదుపుతున్నారు. నా పక్కన చంటిబిడ్డతో కూర్చున్న అమ్మాయి, "ఈ పాట కట్టినాయన ఎంత మంచోడో గదమ్మా. ఎన్నపూసలాటి మనసుంటే గాని రాదు" అంది. ఆయన మా మావయ్యేనని, మా అమ్మకు సొంత తమ్ముడని చెప్పాను. ఆ పిల్ల నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. ఇంకేమైనా చెబుతానేమోనని నా మొహంలోకి చూసింది గాని, నేను కిటికీ వైపు తిరిగి కాఫీ తోటలు చూస్తూ కూర్చున్నాను.

నాకు మాటలు రాక కాదు. నేను ఏడో తరగతితో బడి మానేసినా, మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ చదివిన మనిషిని. ఇది గొప్పకే చెబుతున్నాను. రేకుల కప్పు కింద ఉండే ఆ ఒక్క గదిలో, వానాకాలం పుస్తకాలకు బూజు పట్టకుండా గ్రంథపాలకుడు కుంపటి పెట్టేవాడు. ఆ బొగ్గుల వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఏదో ఒకటి చదవాలనిపిస్తుంది. చరిత్ర, ఖగోళం, తేనెటీగల పెంపకం, మహాపురుషుల జీవితాలు, ఏదీ వదల్లేదు. అంత చదివీ మావయ్య విషయంలో మాత్రం ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోయాను. ఇప్పుడు ఆ ప్రయత్నమే చేస్తున్నాను.

మా వాళ్లది సాలూరు అవతల మైదానంలో ఒక పల్లె. అక్కడ మమ్మల్ని వీధి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఎవరైనా దయతలిచి పై నుంచి పోస్తే దోసిలి పట్టాలి. మా తాతల కాలంలోనే క్రైస్తవ మిషన్‌లో కలిసినా బావి మాత్రం దూరంగానే ఉండిపోయింది. మావయ్య మిషన్ బడిలో టీచరుగా కొండల్లోని మా ఊరికి వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక హార్మోనియం, ఆ దోసిలి జ్ఞాపకం, ఈ మూడే తెచ్చుకున్నాడని ఆయన వెనకే వచ్చిన అమ్మ అనేది. ఆయన కట్టిన పాటలన్నింట్లో ఒకటే మాట: మనిషికి మనిషి అడ్డం ఉండకూడదని. అరవైల చివర్లో నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయన సంతలో హార్మోనియం దించితే ఉల్లిపాయల వ్యాపారులు తక్కెడ వదిలేసి వచ్చేవారు. థింసా ఆటకు కొట్టే డప్పు దెబ్బను ఆయన కీర్తనలోకి తెచ్చాడు. గుడిలో డప్పేమిటని పాస్టరుగారు కొన్నాళ్లు మొహం ముడుచుకుని, తర్వాత ఆయనే కాలు ఆడించడం మొదలుపెట్టారు.

మా మందిరంలో ఒక కట్టుబాటు ఉండేది. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనను మేం బల్ల అంటాం. బల్లకు ముందు, ఎవరితోనైనా తగువు ఉన్నవాళ్లు లేచి మధ్య నడవలోకి వచ్చి నిలబడాలి. తగువు పడ్డ రెండోవాళ్లు కూడా లేచి వచ్చి చెయ్యి పట్టుకోవాలి. అది అయ్యేదాకా రొట్టె పళ్లెం కదలదు. అలా నిలబడ్డవాళ్ల కోసమే మావయ్య ఈ తలుపు లేని ఇంటి పాట కట్టాడు. ఆ పాట మొదలైతే పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు కూడా ముక్కులు తుడుచుకుంటూ లేచేవారు. మా వీధిలో ఇద్దరు తోడికోడళ్లు మాత్రం ప్రతి నెలా లేచి చేతులు పట్టుకుని, ఇంటికి వెళ్లే దారిలోనే మళ్లీ మొదలెట్టేవారు. మావయ్య వాళ్లను చూసి, "మీ ఇద్దరి కోసం ఇంకో సరణం కట్టాల" అనేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. నాకు వదిన వరస. నాకు జడ వేసినా, అక్షరాలు నేర్పినా తనే. మావయ్య బృందంలో డప్పు వాయించే కుర్రవాడు ఒకడుండేవాడు. అనంతగిరికి పైనున్న ఒక గిరిజన గూడెం నుంచి మావయ్యే తీసుకొచ్చాడు. కొడకా అని పిలిచేవాడు. ఒకే పళ్లెంలో తినేవారు. డెబ్బైల మొదట్లో ఒక సంత రోజున వదిన అతనితో, నేను అన్నా అని పిలిచే ఆ కుర్రవాడితో, కలిసి కొండెక్కి వెళ్లిపోయింది. ఆ గూడెంలో అది తప్పు కాదు. పిల్లలు ముందు వెళ్లిపోతారు, పెద్దలు తర్వాత వచ్చి మాట్లాడుకుంటారు. పళ్లెంలో చెయ్యి పెట్టనిచ్చిన మావయ్యకు మాత్రం అది కొంప కూలినట్టయింది. "కొండోడికా నా పిల్ల?" అని ఆయన అనడం నేను చెవులారా విన్నాను.

తర్వాత గూడెం పెద్దలు వాళ్ల పద్ధతి ప్రకారం తలపాగాలు చుట్టుకుని, ఒక కుండెడు ఇప్పసారా మోసుకుని మావయ్య వాకిట్లోకి వచ్చారు. పిల్ల తండ్రితో కలిసి తాగితే తగువు తీరినట్టు. సారా ముట్టొద్దని కూడా పాట కట్టిన మనిషి మావయ్య. కోపంతో ఊగిపోతూ కుండ లాక్కుని, ఒక్క చుక్క మిగల్చకుండా వాకిట్లో బోర్లించి లోపలికి వెళ్లి గొళ్లెం పెట్టుకున్నాడు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత తలపాగాలు తీసి నేలకు దండం పెట్టారు. వాళ్లలో తాగే ముందు నాలుగు చుక్కలు నేల మీద పోయడం చనిపోయిన పెద్దలకు ఇచ్చే మర్యాద. ఈయన కుండకు కుండే పోశాడు. ఇంత పెద్ద మనసుతో ఒప్పుకున్న తండ్రిని వాళ్లెక్కడా చూడలేదు. ఆనందంతో డప్పు కొట్టుకుంటూ కొండెక్కారు. ఆ రోజు నాకు నవ్వు ఆగలేదు. అమ్మ మాత్రం నవ్వలేదు.

కొన్నేళ్లు గడిచాయి. వదిన ఒక్కసారీ దిగి రాలేదు, మావయ్య ఎక్కలేదు. ఒక వానాకాలం, బల్ల ఆదివారం, పాట మొదలైంది. వెనక తలుపులోంచి అన్న వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, తల మీంచి నీళ్లు కారుతున్నాయి. నేరుగా నడవలోకి వచ్చి హార్మోనియానికి ఎదురుగా నిలబడ్డాడు. "మావా" అన్నాడు. "దానికి మన్నెం జొరం. కడుపుతో ఉంది. మందులకి లొంగట్లేదు. నిన్ను సూడాలని ఒకటే కలవరింత."

మావయ్య తలెత్తలేదు. పాట చివరి చరణానికి వచ్చింది. అయిపోగానే ఆయన లేచి వస్తాడని అందరం ఎదురుచూశాం. ఆయన మళ్లీ మొదటి చరణం ఎత్తుకున్నాడు. అది అయిపోయాక మళ్లీ. పాడేవాళ్ల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి ఒక్క హార్మోనియమే మిగిలింది. పాట ఆపితే లేవాలి కాబట్టి ఆపలేదని నాకు అప్పుడు అర్థమైంది. తలుపు లేని ఇల్లు నాది, తలుపు లేని ఇల్లు నాది అని ఆ పెట్టె ఏడుస్తూనే ఉంది. అన్న చెయ్యి చాచి నిలబడే ఉన్నాడు. ఆఖరికి ఆ చేతిని అమ్మ వెళ్లి పట్టుకుంది.

ఆరాధన అయ్యాక అమ్మ మావయ్యను వాకిట్లో పట్టుకుంది. అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆ మలేరియా జ్వరం తలకెక్కితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"ఒరే, అది సచ్చిపోతాదిరా. బేగి బయిల్దేరు."

"నాను పంపలేదక్కా. అదే పోనాది."

"తలుపు లేని ఇల్లని ఊరందరికీ పాడతావు. మరి ఈ గొళ్లెం ఎవలిదిరా?"

మావయ్య నెమ్మదిగా, "పాట కట్టినోడు పాటంత ఉండాలంటే లోకంలో ఎవుడూ నోరిప్పలేడే" అన్నాడు. "దాన్ని సూడాలని నాకు లేదనుకుంటన్నావేటి? నా కాళ్లు రావు."

"కాళ్లు రాకపోతే డోలీలో మోసుకెల్తాం. మనసు రాలేదని సెప్పు" అంది అమ్మ.

ఆయన రాలేదు. అమ్మా, నేనూ అన్న వెనక ఎక్కాం. దారిలో మేం గెడ్డ అనే కొండవాగు పొంగి ఉంది. అన్న మా ఇద్దరినీ ఒక్కొక్కరినే చెయ్యి పట్టుకుని దాటించాడు. వదిన ఇంట్లో పొయ్యి పక్కన చాప మీద ఉంది. పాలిపోయిన మొహం, పగిలిన పెదవులు, ఆ ఎత్తు కడుపు. మందు బిళ్లలు నూరి చెంచాతో పోస్తే చెంపల మీదికి జారిపోతున్నాయి. అమ్మను గుర్తుపట్టింది. "అత్తా, నాన్న ఎనకాల వస్తన్నాడా?" అంది.

"వస్తన్నాడమ్మా. గెడ్డ దాటి బట్టలు పిండుకుంటన్నాడు" అంది అమ్మ.

వదిన కళ్లు తలుపు వైపు తిరిగాయి. అంత జ్వరంలోనూ నవ్వింది. "ఆయనకి తడి పడదు. బేగి రమ్మను" అంది. ఆ మధ్యాహ్నమే పోయింది, కడుపులో బిడ్డతో సహా. కళ్లు మాత్రం తలుపు వైపే ఉండిపోయాయి. అమ్మ మూసినా మళ్లీ తెరుచుకున్నాయి.

ఆ గూడెంలో ఆడపిల్ల పోతే తండ్రి వచ్చి నోట్లో నీళ్లు పొయ్యందే మట్టి చెయ్యరు. మర్నాడు పొద్దు వాలేదాకా వానలో అందరూ గట్టు మీద నిలబడి దారి చూశారు. ఒక ముసలాయన అమ్మ దగ్గరికి వచ్చాడు. కుండ మోసుకొచ్చిన పెద్దల్లో ఆయన ఒకడు. "కుండెడు సారా మా పెద్దలకి పోసినాడు గదమ్మా నీ తమ్ముడు. అంత మనసున్నోడు మరి రాడేటి? ఆయనకీ ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. నిజం చెప్పడానికి అమ్మకు నోరు రాలేదు. "అవును, లేవలేకపోతన్నాడు" అంది. పాపం, వాళ్లు ఆయన ఆరోగ్యం కోసం ఒక కోడిని మొక్కుకున్నారు. చివరికి మేనత్త హోదాలో అమ్మే దోసిలితో నీళ్లు పోసింది.

తర్వాత చాలాకాలం నేను గ్రంథాలయంలోనే బతికాను. పాట గొప్పది, మనిషి అలాంటివాడు, ఈ రెండింటినీ ఒక మనసులో ఎలా పెట్టుకోవాలో ఏదో ఒక పుస్తకంలో ఉంటుందని నా నమ్మకం. కళ వేరు, కళాకారుడు వేరు అని ఒక పుస్తకంలో దొరికింది. రెండూ ఒకటేనని ఇంకో దాంట్లో ఉంది. ఆ రెండు పుస్తకాలూ ఒకే బీరువాలో, ఏ తగువూ లేకుండా పక్కపక్కనే కూర్చుని ఉండేవి. మహాపురుషుల జీవితాల్లో వాళ్ల ఇంటివాళ్ల కోసం వెతికాను. చాలా పుస్తకాల్లో భార్యకు ఒక పేరా, పిల్లలకు ఒక వాక్యం. మా వదినకు అదీ లేదు.

ఎనభైల్లో మావయ్య పోయాడు. సమాధి దగ్గర వందలమంది ఆయన పాటే పాడారు. ఆ జనం చెదిరాక, రొట్టె పళ్లెం పట్టే సంఘపెద్ద మా అమ్మను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. కూతురు వెళ్లిపోయిన నాటి నుంచి మావయ్య ఒక్క బల్లలోనూ రొట్టె ముట్టలేదట. పళ్లెం దగ్గరికి వస్తే తల అడ్డంగా ఊపి, వాయిస్తూనే ఉండేవాడట. ఆయన చేతులు ఖాళీ లేవని, చివర్లో తీసుకుంటాడని మేమంతా అనుకునేవాళ్లం. తగువు తీరనివాడు రొట్టె ముట్టకూడదన్న కట్టుబాటును, తీర్చుకోమని పాడినవాడే అంత నిష్ఠగా పాటించాడు.

అది విని అమ్మ ఏడ్చింది. తమ్ముడు అబద్ధపు మనిషి కాదని ఆమెకు కొంత ఊరట దొరికింది. నాకు దొరకలేదు. తన పాటను తనే నమ్మనివాడైతే క్షమించి ఊరుకునేదాన్నేమో. ఆయన నమ్మాడు. తనకు అందులో చోటు లేదని ప్రతి నెలా ఒప్పుకున్నాడు. అంత తెలిసినవాడికి అనంతగిరి కొండ ఎక్కడం తెలియలేదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇంక బీరువాలు లేవు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది: ఇప్పటికీ వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నా నోటికి వచ్చేది ఆయన పాటే. పాడుతూ ఏడుస్తాను. ఆ ఏడుపు ఎవరి కోసమో మాత్రం తెలుసుకోలేను.

అమ్మ పోయింది, అన్న పోయాడు, వానలో గట్టు మీద నిలబడ్డ ఆ పెద్దలూ పోయారు. వదిన మొహం తెలిసిన దాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. నా తర్వాత పాట ఒక్కటే ఉంటుంది, ఏ మచ్చా లేకుండా. కాలానికి పాట తేలిక, మనిషి బరువు. అందుకే కాలం మా వదినను దారిలో దించేసి, పాట పాడుకుంటూ ముందుకు వెళ్లిపోతోంది.