మోకాలి మీద వేలు

యోగా క్లాసు ఇస్త్రీ షాపు పై గదిలో జరిగేది. కింద పెట్టెలు వేడెక్కితే పైన నేల కూడా వెచ్చబడేది కాబట్టి చలిరోజుల్లో జనం ఎక్కువ. టైలరు మాత్రం ఎండా వానా చూడకుండా వెళ్ళేవాడు. మిషను మీద వంగి వంగి గూని తేలిన వీపును అక్కడే నిటారు చేసుకున్నాడు. ముందు వరసలో, కిటికీ పక్కన అతని చాప. ఆ చోటు అతనికెవరూ రాసివ్వలేదు, అలాగని అక్కడ ఇంకొకరు చాప వేసిందీ లేదు.

తోడల్లుణ్ణి అక్కడికి తీసుకొచ్చిన తెలివితక్కువ పని కూడా తనే చేశాడు. అతను పెయింట్ల కొట్లో సేల్స్‌మన్. నోరు మంచిది, పొట్టే మాట వినదు. "అన్నయ్యా, దీనికో దారి చూపించవా" అని అత్తగారింట్లో అందరి ముందూ పొట్ట నిమురుకుంటూ అడిగేసరికి, పెద్దల్లుడి దర్జాతో "రా, నేర్పిస్తా" అనేశాడు. ఆ ఇంట్లో చిన్నల్లుడు జోకేస్తే ఇల్లంతా నవ్వేది. టైలరు వేస్తే మామగారు "ఏంటీ?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టేవాడు. టైలరుకి మిగిలిన రాజ్యమల్లా ఆ యోగా గది. అందులోకి చేతులారా శత్రువును పిలిచి చాప పరిచాడు.

ఒకరోజు క్లాసయ్యాక టీచరమ్మ చెప్పింది: "మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పురుటికి నేను వెళ్ళాలి. తిరిగొచ్చేదాకా మీలో ఒకరు క్లాసు నడపాలి. ఎవరన్నది వెళ్ళేముందు చెప్తాను."

ఇంకెవరు, నేనే అనుకున్నాడు టైలరు. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి "శ్వాస తీసుకోండి... వదలండి" అని గొంతు సవరించుకుని చూసుకున్నాడు కూడా.

మర్నాటి నుంచి అతని చూపు తన చాప మీద నిలవలేదు. టీచరమ్మ ఎక్కువ మాట్లాడదు. తప్పు కనబడిన చోట చూపుడువేలితో తాకుతుంది, అంతే. ఆ వేలు ఇప్పుడు తోడల్లుడి దగ్గరే కాపురం పెట్టింది. భుజం మీద, మడమ దగ్గర, నడుము మీద మళ్ళీ మళ్ళీ. టైలరును మాత్రం కిటికీని దాటినట్టు దాటి వెళ్ళిపోతోంది.

టైలరు లెక్క టైలరుది. అతని కొట్లో టేపు ఎక్కువసేపు తిరిగేది బాగా కావలసిన గిరాకీ ఒంటి మీదే. 'వాణ్ణి తయారుచేస్తోంది' అని తేల్చేసుకున్నాడు.

"కంచం మీద ఎందుకండీ కోపం?" అంది భార్య భోజనం దగ్గర.

"మీ చెల్లెలి మొగుడికి యోగా పూనింది."

"పూనితే మంచిదేగా. పొట్ట తగ్గిందని చెల్లి మురిసిపోతోంది."

"తగ్గదూ మరి! ఆ టీచరమ్మ వాణ్ణి వదిలితేగా."

"అయ్యో రాత! మీరూ ఓ తప్పు చెయ్యండి, వచ్చి దిద్దుతుంది" అని ఆవిడ పకపకా నవ్వింది.

నవ్వులాటకి అన్న మాట అతని బుర్రలో మేకులా దిగింది.

మర్నాడు వీరభద్రాసనంలో, ముందుకు మడిచిన మోకాలిని కావాలని కాస్త లోపలికి వాల్చాడు. చెయ్యి తిరిగినవాడు పనిగట్టుకుని వంకర కుట్టు వేసినంత కష్టమైంది. టీచరమ్మ ఆగింది. వంగి, వేలితో మోకాలిని బయటికి నెట్టింది. టైలరు కడుపు చల్లబడింది. ఓరకంట తోడల్లుణ్ణి చూశాడు. అతను పళ్ళు బిగించి చెమటలు కక్కుతున్నాడే తప్ప ఇటు చూడనైనా లేదు. ఆ చల్లబడిన కడుపు మళ్ళీ భగ్గుమంది.

అక్కణ్ణుంచి రుచి మరిగాడు. రోజూ ఆ మోకాలే. ఎప్పుడైనా మోచెయ్యి, మెడ. వేలు వస్తూనే ఉంది. వేలితోపాటు ఆమె ముఖంలో బెంగ కూడా వస్తోందని అతను చూసుకోలేదు.

ప్రయాణానికి ముందురోజు టీచరమ్మ అతన్ని మెట్ల దగ్గర ఆపింది.

"ఒంట్లో బాగుండట్లేదా అండీ?"

"బాగానే ఉంది. ఏం?"

"మీ మోకాలు చూస్తే భయమేస్తోంది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ముట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు. క్లాసు మీకే అప్పజెబుదామనుకున్నా. ఇప్పుడు మీరు ముందు నిలబడితే అందరికీ అదే వస్తుంది. కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉండండి, మీ తోడల్లుడుగారు నడుపుతారు. ఆయన పాపం ఒక్కొక్కటీ కష్టపడి దిద్దుకున్నారు."

కావాలనే చేశానంటే పరువు పోతుంది, అనకపోతే క్లాసు పోతుంది. టైలరు పరువే దక్కించుకున్నాడు.

"కొంచెం నొప్పేనండీ" అని, కమ్మీ పట్టుకుని కుంటుతూ దిగాడు.

తోడల్లుడి మొదటి క్లాసుకి అందరికంటే ముందే వెళ్ళాడు. వీడి కళ్ళముందే ఆసనమంటే ఏంటో చూపించాలని పంతం.

"అన్నయ్యా, నీ చోటు నీకే ఉంచా" అన్నాడు తోడల్లుడు ప్రేమగా. ఆ ప్రేమకి టైలరు ఒళ్ళు ఇంకా మండింది.

వీరభద్రాసనం వచ్చింది. టైలరు చేతులు బారచాపి స్కేలు పెట్టి గీసినట్టు నిలబడ్డాడు. తోడల్లుడు వరసలో నడుస్తూ వచ్చి, అతని దగ్గర ఆగి, మొహమాటంగా వంగాడు. మోకాలి మీద వేలు పడింది.

"లోపలికి పోతోంది అన్నయ్యా."

"సరిగ్గానే ఉంది, పో."

అన్నాక తల దించి చూసుకున్నాడు. మోకాలు నిజంగానే లోపలికి వాలి ఉంది. ఈసారి తను వాల్చలేదు. బయటికి నెట్టాడు. తొడ వణికింది. వేలు అక్కడే ఉంది.

"వేలు తియ్యి" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"తీస్తే మళ్ళీ పోతోంది అన్నయ్యా."