బ్యాటరీకి ఉగ్గు పెట్టిన వైనం

మొన్న ధర్మవరంలో ఒక విమానం కూలిపోయింది. కంగారు పడకండి, అందులో ప్రయాణికులెవరూ లేరు. అది మా మనుమరాలు హరిణి థర్మాకోలుతో చేసిన చిన్న విమానం. పోయినది నా పరువు మాత్రమే. టీ చల్లారక ముందే చెప్తాను, వినండి.

హరిణి హిందూపురంలో ఇంజనీరింగు చదువుతున్నది. ధర్మవరంలో జరిగే పోటీలో తన విమానం ఐదు నిమిషాలు గాలిలో నిలిస్తే కాలేజీ జట్టులో చోటు దొరుకుతుంది. పిల్లకు కొన్నాళ్లుగా అదే ధ్యాస. ఉన్నవి రెండు లిథియం బ్యాటరీలు. ఒకదానిని స్నేహితురాలెవరో తొందరపడి ఎక్కువ కరెంటుతో చార్జి చేయగా, అది పూరీలా ఉబ్బి పనికిరాకుండా పోయింది. మిగిలినది ఒక్కటే.

పోటీకి ముందురోజు ఆ ఒక్కదానిని పెనుకొండలోని మా ఇంటికి తెచ్చి, ఇసుక పోసిన మట్టి మూకుడులో పెట్టి, చార్జరు తగిలించింది. విమానం ముందరి ఫ్యాను విరిగిందట, కొత్తది తేవడానికి హిందూపురం వెళ్లి రావాలట. నన్ను కాపలా కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"అవ్వా, బ్యాటరీ మీద 2200 అని ఉండాది చూడు. దాన్ని వెయ్యితో భాగిస్తే రెండు పాయింట్ రెండు. అన్ని ఆంపియర్లు పెడితే గంటలో నిండుతాది, ఏమీ కాదు. అంతకు మించితేనే ప్రమాదం. నువ్వు ఊరికే చూస్తాండు, పొగ వస్తే ప్లగ్గు పీకు."

తనకు ఎక్కాలు వల్లె వేయించినదానికే భాగహారం నేర్పుతున్నది. కానివ్వండి.

హరిణి బస్సెక్కగానే నేను ఆలోచనలో పడ్డాను. రెండు పాయింట్ రెండు క్షేమమైతే, అంతకంటే తక్కువ మరింత క్షేమం కావాలి కదా. నేను పసిబిడ్డలను పెంచినదానిని. అన్నప్రాశన నాడే బిడ్డకు ఎవరైనా ముద్దలు ముద్దలుగా సంగటి పెడతారా? వేలికొసతో ఉగ్గు నాకిస్తారు. అదే సూత్రం మీద చార్జరు మీట నొక్కుకుంటూ పోగా, అంకె సున్నా పాయింట్ ఒకటి దగ్గర ఆగింది. అంతకన్నా దిగనని మొరాయించింది. నాకు తృప్తి కలిగింది.

రెండు గంటల తరువాత చార్జరు కుయ్యిమన్నది. కుక్కరు కూత వేస్తే అన్నం ఉడికినట్లే కదా, నా విజ్ఞానం అంతవరకు చక్కగా సరిపోయింది. బ్యాటరీని తీసి, మెత్తటి చీరముక్కలో చుట్టి, సంచిలో సర్దాను. సాయంత్రం వచ్చిన హరిణి నిండిందా అని అడిగితే, నేను కాపలా ఉండగా నిండకపోవడమా అన్నాను. పాపం, నమ్మింది. నమ్మకపోతే నేను ఊరుకునేదానినీ కాదు.

మరునాడు ధర్మవరం బస్సులో పక్కసీటు ఆమెకు సురక్షితమైన చార్జింగు గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆమె మధ్యలో నిద్రపోయింది. విషయం అంత లోతైనది మరి.

మైదానంలో విమానం లేచింది. ఒక చుట్టు తిరిగింది. దాని మోత నీరసించింది. పక్కనున్న శనక్కాయ చేనులో ముక్కు నేలకు ఆనించి సాగిలపడింది. హరిణి పరుగున వెళ్లి రెక్కలు తడిమి చూసింది. అవి బాగానే ఉన్నాయి. తరువాత బ్యాటరీకి మీటరు పెట్టి, నా వైపు తిరిగింది.

"అవ్వా, ఎంతలో పెట్టినావు?"

చెప్పాను. గర్వంగానే చెప్పాను, నాకింకా అర్థం కాలేదు.

"సున్నా పాయింట్ ఒకటా? అట్ల పెడితే నిండేదానికి ఒక పగలూ రాత్రీ పడతాదవ్వా. రెండు గంటలు అయిందని చార్జరులో ఉండే టైమరు ఆపేసింది, నిండిందని కాదు."

అంతా విన్న పోటీ నిర్వాహకుడు దగ్గరకు వచ్చాడు. "ఏమవ్వా, నిన్ను మించిన సేఫ్టీ ఆఫీసరు మాకు యాడ దొరుకుతాది? ఖాళీ బ్యాటరీ పేలే బాధే లేదు" అన్నాడు. నలుగురూ నవ్వారు. హరిణి నవ్వలేదు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నిర్వాహకుడు పిల్ల మీద జాలిపడి, అందరికన్నా చివర ఇంకొక అవకాశం ఇస్తానన్నాడు. చేతిలో ఉన్నది గంట సమయం.

హరిణి షామియానా కింది ప్లగ్గుకు చార్జరు తగిలించి, రెండు పాయింట్ రెండు పెట్టి, నాకు కుర్చీ చూపింది. "ఈడ కూర్చో అవ్వా. చేతులు ఒళ్లో పెట్టుకో. ఏమీ చెప్పద్దు."

కూర్చున్నాను. ఆ అంకెను ఇంకొంచెం తగ్గిస్తే మంచిదన్న మాట నాలుక చివరకు వచ్చిన ప్రతిసారీ మింగేశాను. చివరకు విమానం ఐదు నిమిషాలు దాటి ఎగిరింది, హరిణికి జట్టులో చోటు దొరికింది, జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. రెక్కలున్నది ఎగరడం ఏమి గొప్ప? నేను గంటసేపు ఎవరికీ ఏ సలహా ఇవ్వకుండా కూర్చున్నాను. దానికి మాత్రం ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.